ఆరోగ్యవంతుల గడిలో గీత

రాకూడని చోట మళ్లీ గీత వచ్చింది. అప్పటికి ఏడు నెలలుగా ఇదే తంతు.

జెల్ పలక మీద ఎవరి గడి వాళ్లకుంటుంది. ఈ చివర జబ్బు ఖాయమని తెలిసినవాళ్ల రక్తం, ఆ చివర ఉత్త నీళ్లు, మధ్యలో రోగులు. నీళ్లకి ముందు గడి ఆరోగ్యవంతులది. దీపం మీద పెడితే, ఏళ్ల తరబడి గుండెని తినే చాగాస్ జబ్బు క్రిమి ఉన్న గడిలో తెల్లటి గీత వెలుగుతుంది. ఆరోగ్యవంతుల గడి మాత్రం నల్లగా, అమావాస్య ఆకాశంలా ఉండాలి. అక్కడ గీత పడిందంటే ఎక్కడో ఏదో కలిసిపోయిందని, పరీక్ష మొత్తం అబద్ధమని అర్థం. ఆ క్రిమిని చవగ్గా పట్టే పరీక్ష తయారుచెయ్యడమే నా మాస్టర్స్ చదువు. పరీక్ష అబద్ధమైతే చదువూ అబద్ధమే. నవంబరు ఆఖరుకి థీసిస్ ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు.

ఏడవాలి కదా. ఏడుపు రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో, మనిషినంతా అలా ఉన్నాను.

నీళ్లు మార్చాను. గ్లోవ్స్ మార్చాను. బల్ల మార్చాను. ట్యూబులు కొత్తవి విప్పాను. నేల తుడిచే గుడ్డ కూడా మార్పించాను. ఒక వారం గీత వచ్చేది కాదు. హమ్మయ్య అనుకునేలోపు పై వారం వచ్చేది. దొంగపిల్లి వచ్చిపోయినట్టు ఉండేది దాని వ్యవహారం.

వసారాలో మాతే ఆకు కషాయం తాగుతుంటే ఫాకుండో మొదలుపెట్టాడు. పక్క బల్ల దగ్గర పీహెచ్‌డీ చేస్తాడు, మా ల్యాబున్న ఈ తుకుమాన్‌లోనే పుట్టి పెరిగినవాడు. నాది పక్క రాష్ట్రం, శాంతియాగో.

"మీ శాంతియాగో వాళ్ల పనితీరే అంత, యమీలా. ట్యూబుకి మూత పెట్టేలోపు ఒక కునుకు తీస్తారు. ఆ కునుకులోనే ఏదో పడుతుంది."

"మీవాళ్లు కునుకు తియ్యరు. పక్కవాడు కునికితే వాడి తోటలో నిమ్మకాయలు తీస్తారు."

"చూశారా డాన్ ఎవారిస్తో, నోరు మాత్రం నిద్రపోదు!"

డాన్ అంటే ఇక్కడ 'గారు' లాంటి మాట; ఎవారిస్తో మా ల్యాబు టెక్నీషియన్. ముప్పై ఏళ్ల నుంచి ఉన్నాడు, డాక్టర్లే ఆయన్ని అడిగి పని చేస్తారు. మాతే ఆకు వేసిన సొరబుర్రలో వేడినీళ్లు పోసి నా చేతికిచ్చాడు.

"తాగు పిల్లా. పొద్దున్నించి నీ కడుపులో ఏమైనా పడిందా?"

"పడింది."

"ఏం పడింది?"

గుర్తు రాలేదు.

మా ల్యాబులో ఒక ఆనవాయితీ ఉంది. ఆరోగ్యవంతుల రక్తం కావాలంటే బయట ఎవర్నీ అడగరు. కొత్తగా చేరిన విద్యార్థి చొక్కా చెయ్యి మడవాల్సిందే. "దొడ్లో ఆవుండగా పాలకి వీధిలోకెందుకు?" అంటాడు డాన్ ఎవారిస్తో. నాకు ముందు ఫాకుండో ఇచ్చాడు, వాడికి ముందు ఇంకెవరో. ఈ రెండేళ్లుగా ఆవుని నేను. డాక్టర్ ఒఫేలియా, అంటే నా గైడు, ఆవిడా తన కాలంలో ఇచ్చినదే.

నవంబరు రెండో వారంలో ఆఖరిసారి చేసి చూద్దామనుకున్నాను. అప్పటికి నా మోచేతి మడత వంకాయ రంగుకి తిరిగింది. డాన్ ఎవారిస్తో రెండుసార్లు పొడిచి గొట్టంలో ఒక్క చెంచాడు లాగాడు. నా చెయ్యి పట్టుకునే కాసేపు చూశాడు.

"ఇంక ఈ చేతిలో నరం లేదమ్మాయ్. ఎండాకాలం బావిలా ఉంది. నాది కూడా ఒక గొట్టం తీసి పక్కన పెట్టుకో, తక్కువైతే పనికొస్తుంది."

"మీ వయసు రక్తం పనికొస్తుందంటారా?"

"అరవై మూడేళ్లుగా పారుతోంది. నీ జెల్ దగ్గరికొచ్చి సిగ్గుపడుతుందా?"

తక్కువ కాలేదు. అయినా తీసింది పారబొయ్యడం ఎందుకని రెండూ వేశాను. పదకొండో గడిలో నాది, పన్నెండో గడిలో ఆయనది, పదమూడులో నీళ్లు. అదే ట్యూబుల పెట్టె, అదే నీళ్లు, అదే చెయ్యి, అదే పూట.

దీపం వేశాను. పదకొండులో గీత. పన్నెండు నలుపు. పదమూడు నలుపు.

డాక్టర్ ఒఫేలియా వచ్చి నా భుజం మీంచి వంగి చూసింది.

"పన్నెండు ఎవరిది?"

"డాన్ ఎవారిస్తోది."

"పదకొండు?"

"నాది, డాక్టరమ్మా."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ ఇల్లు... నువ్వు చిన్నప్పుడున్న ఇల్లు ఎలాంటిది?"

"మట్టిది. పైన రెల్లు."

ఆ మట్టి పగుళ్లలో, ఆ రెల్లులో వించూకా కాపురముంటుంది. నల్లికి పెదనాన్న లాంటి పురుగు. నిద్రపోయేవాళ్ల రక్తం తాగి, కుట్టినచోటే రెట్ట వేసి పోతుంది. ఆ రెట్టలో ఉంటుంది క్రిమి. మా ఇంట్లో వించూకా కనబడితే పట్టి కోడిపిల్లల ముందు వేసేవాళ్లం, అవి పోట్లాడుకుని తినేవి. ఆ పురుగు మీదే రెండేళ్లుగా నేను పేజీలకి పేజీలు రాస్తున్నాను. నలభై మంది రోగుల్ని "మట్టి ఇంట్లో పెరిగారా?" అని నా నోటితోనే అడిగాను. పరీక్షలో అన్నీ మార్చి చూశాం గానీ, మనిషిని మార్చి చూద్దామని ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. రక్తమిచ్చేది ల్యాబు మనిషి. ల్యాబు మనిషికి జబ్బేమిటి?

నిర్ధారణకి వేరే పరీక్షలు రెండు చేశారు. రెండింటిలోనూ ఉందనే వచ్చింది.

డాక్టర్ ఒఫేలియా గది తలుపు వేసింది. "మొదటి రోజే నేను అడగాల్సింది. నా తప్పు," అంది. గుండె పరీక్ష చేయించాలని, రెండు నెలలు మాత్రలు వాడాలని, ఒళ్లంతా దద్దుర్లు రావచ్చని చెప్పింది. అన్నిటికీ తల ఊపాను. పక్కింటివాళ్ల సంగతి వింటున్నట్టుంది. ఆవిడ నా నోట్‌బుక్కు ముందుకి లాక్కుని పేజీలు తిప్పడం మొదలెట్టింది. తిప్పుతూ తిప్పుతూ నెమ్మదించింది.

"ఎన్నిసార్లు చేశావు?"

"పందొమ్మిది."

"గీత వచ్చింది?"

"పదకొండు సార్లు."

"ఒకే మనిషి, ఏడు నెలలు, పందొమ్మిది సార్లు..." అంది. జబ్బు పాతబడితే క్రిమి రక్తంలో కొన్నాళ్లు కనబడుతుంది, కొన్నాళ్లు దాక్కుంటుంది. ఎన్నాళ్లకోసారి దొరుకుతుందో లెక్క తేలాలంటే, అన్నిసార్లు చెయ్యి చాపే రోగి కావాలి. అలాంటి రోగి ఎవరికీ దొరకడు. ఆవిడ కళ్లు ఒక్కసారి మెరిశాయి. మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, క్షమించు తల్లీ!"

"పర్లేదు డాక్టరమ్మా. నేనూ ఆ లెక్కే వేసుకున్నాను."

నిజమే. జబ్బుందని తెలిసిన పూట నాకు మొదట తట్టింది, నా పరీక్ష తప్పు కాదని.

"చూడు. డాన్ ఎవారిస్తో గడి బొమ్మ ఒకటి పెడితే నీ థీసిస్ నిలబడుతుంది. నీ రక్తం సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. లేదూ, నలభై ఒకటో రోగిగా వేస్తే చాలా గట్టి పని అవుతుంది. పేరుండదు, నంబరే."

"పందొమ్మిది సార్లు పొడిపించుకునే పిచ్చిది ల్యాబులో ఇంకెవరుంటారు? అందరూ పోల్చుకుంటారు."

"పోల్చుకుంటారు," అంది ఆవిడ. ఈ జబ్బు పేరు వింటే ఉద్యోగమిచ్చే చెయ్యి వెనక్కి పోతుందని ఇద్దరికీ తెలుసు.

"వెయ్యండి," అన్నాను. ధైర్యం చేసి అన్నది కాదు. ఉన్న గీతని లేదని రాయడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు, అంతే.

అయితే రోగి అన్నాక అంగీకారపత్రం ఉండాలి. దాన్ని గైడు చదివి వినిపించకూడదని నియమం. డాన్ ఎవారిస్తో కళ్లజోడు పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు నోటికొచ్చు, వదిలెయ్యండి," అన్నాను.

"నీకొచ్చు. నలభై ఒకటో నంబరుకి రాదు. విను." ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "ఈ పనిలో పాల్గొనడం వల్ల మీకు స్వయంగా ఏ లాభమూ ఉండదు. అర్థమైందా?"

"అర్థమైంది."

"మాస్టర్స్ వస్తుంది కదే!"

"ఆ గడి లేదందులో. చదవండి."

నవ్వాడు గానీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సంతకం పెట్టించుకుని కాగితం తిప్పాడు.

"ఒకే కప్పు కింద పెరిగినవాళ్లు ఎంతమంది?"

"నేను కాక ముగ్గురం... ముగ్గురు."

"వాళ్లకి పరీక్ష చేయించారా?"

"లేదు."

"పేర్లు చెప్పు."

"త్రాన్సితో. పెద్దన్న. రోసెందో, చిన్నన్న."

ఆయన రాసుకున్నాడు. ఏడు నెలలుగా జెల్ మీద గీతే చూశాను. మనుషులు కళ్ల ముందుకి రావడం అప్పుడే మొదలైంది.

"మూడో పేరు?"

"ఎల్వా. నాకు చెల్లెలు." తల్లికుంటే బిడ్డకీ రావచ్చు. ఆ వాక్యం నా థీసిస్ నాలుగో పేజీలో ఉంది, నేనే రాశాను. "కడుపుతో ఉంది డాన్ ఎవారిస్తో."

ఆయన కాగితం మీంచి పెన్ను ఎత్తలేదు, రాయనూ లేదు. బల్ల మీది ఫోను నా వైపు జరిపాడు.