ఏడు నీళ్ళు కడిగిన చొప్ప

"కొళాయొచ్చింది. యాడుండావే పద్మా?" అని మా అత్త నాగేంద్రమ్మ కేకేస్తే దోసె పెనం మీదే వదిలి బిందెల దగ్గరికి పరుగెత్తాను. కర్నూలులో రెండు రోజులకోసారి వచ్చే నీళ్ళవి. మా ఆయన మురళి పేపర్లోంచి తల ఎత్తలేదు. పదకొండు బిందెలు నింపి కాలేజీకి పోతే అక్కడా నాకు బిందెలే.

జొన్న చొప్ప నుంచి బండ్లకు ఇంధనం తీయడం మా ల్యాబు పని. చొప్పను ఆమ్లం వేసి ఆవిరిలో ఉడికిస్తే చక్కెర దిగుతుంది; ఆ రసాన్ని ఈస్టు వేసి పులియబెడితే ఇంధనం వస్తుంది. చక్కెరతోపాటే చొప్పలోని విషాలూ దిగి, రసం పులియకముందే ఈస్టును చంపేస్తాయి. "ఏడు నీళ్ళు కడుగమ్మా. ఆడోళ్ళకు కడిగేది కూడా చెప్పల్లా?" అన్నారు నా పీహెచ్‌డీ గైడు రాఘవేంద్రప్రసాద్ గారు. కింది అంతస్తు నుంచి నీళ్ళు మోసి ఏడాదిపాటు కడిగాను. విషంతోపాటు చక్కెరా కొట్టుకుపోయేది.

ఒకరోజు నడుం పట్టేసి బకెట్ పక్కనే కూలబడ్డాను. ఒళ్ళు మండిపోయింది. అసలెందుకు కడగాలి? ఎండుకట్టె మీద మొలిచే పుట్టగొడుగు ఆ విషాల మధ్యే బతుకుతోంది కదా, దానికెవరు నీళ్ళు మోశారు? దాని ఎంజైము తీసి రసంలో కలిపాను. విషాలు ఒకదానికొకటి అతుక్కుని మడ్డిగా అడుగుకు దిగాయి. మర్నాటికి ఈస్టు నురగలు కక్కింది. చెంబెడు నీళ్ళు కూడా పట్టలేదు. సంతోషం పట్టలేక ల్యాబులో ఒక్కదాన్నే ఏడ్చాను. ఇంటికొచ్చి చెబితే మురళి, "సరేగానీ, ఈపొద్దు సంగటి చేస్తాండావా లేదా?" అన్నాడు.

పోయిన వారం హైదరాబాదు సదస్సు పుస్తకం వచ్చింది. నేనిచ్చిన ఫలితాలతో ఆ పరిశోధనంతా రాఘవేంద్రప్రసాద్ గారి పేరు మీదే ఉంది. చివర చిన్నక్షరాల్లో, గాజుసామాను శుభ్రం చేయడంలో సహకరించినందుకు శ్రీమతి పద్మప్రియకు కృతజ్ఞతలట! రెండున్నరేళ్ళ నా బుర్రకు దక్కిన మర్యాద అది.

"పేరు ఏసినారు గదా, ఇంకేం కావల్ల? పెద్దాయనతో పెట్టుకోవద్దు" అన్నాడు మురళి.

"అంట్లు తోమినా పుస్తకంలో ఏస్తారా!" అని అత్త నవ్వింది.

ఈ ఉదయం గైడు పిలిచారు. "ఎల్లుండి హైదరాబాదు సభలో నేను మాట్లాడల్ల. ఎంజైము కలిపినాక ఆ విషం ఏమైతాదో, ఎట్లయితాదో ఒక పేజీ రాసియ్యమ్మా. ఎవరన్నా అడిగితే ఇబ్బంది."

ఆయనకు తెలియదు! తన పేరు వేసుకున్న పని ఎలా జరిగిందో ఆయనకే తెలియదు. నాకు మొదటిసారి ఆయనంటే భయం పోయింది.

"రాసియ్యను సార్" అన్నాను. "నేనూ ఆ సభకు వస్తాండా. ఆ ప్రశ్న అడిగేది నేనే."