చెంబు అడుగు చూసినవాళ్ళు

నేను ఒక కౌంటర్‌ని. సినిమా హాల్లో టికెట్లిచ్చే కౌంటర్ అనుకునేరు, కాదు. నాకు కిటికీ లేదు, కుర్చీ లేదు, చిల్లర గోల అసలే లేదు. వెబ్‌సైటు వెనకాల ఎవరికీ కనపడకుండా కూర్చునే పది పన్నెండు వరుసల కోడ్‌ని. ఎవరొచ్చారు, ఎన్నిసార్లొచ్చారు, ఏ దారిన వచ్చారు, ఎంతసేపున్నారు, ఏం చూసి వెళ్ళారు, ఇవన్నీ రాసిపెట్టడమే నా బతుకు. వచ్చినవాళ్ళ పేరు నాకు తెలియదు, మొహం తెలియదు. వాళ్ళ ఫోన్‌ని మాత్రం గుర్తుపడతాను.

నా స్వభావం ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననకండి. నాకు కంగారెక్కువ. లెక్క తప్పుతానేమోనన్న కంగారు కాదు, లెక్క తప్పడం నాకు చేతకాదు. నేను సరిగ్గా చెప్పిన లెక్కని మనుషులు తప్పుగా చదువుకుంటారే, అదీ నా దిగులు.

నన్ను రాసింది రాజమండ్రిలో దివాకర్ అనే ఆయన. చిన్న చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు కట్టిచ్చేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పూర్తిచేసి, పనిచేస్తానో లేదో చూద్దామని తన ఫోన్లోనే ఇరవై పేజీలు తిరగేశాడు. 'విజిటర్లు 1, పేజీ వ్యూలు 20' అని చూపించాను. వచ్చిన మనిషి ఒక్కడే, తిప్పిన పేజీలు ఇరవై. "శభాష్" అన్నాడు. నన్ను సరిగ్గా చదివిన మొదటి మనిషి ఆయనే. చాలాకాలం దాకా ఆఖరి మనిషీ ఆయనే.

మొదట నన్నొక పెళ్ళిసంబంధాల సైటుకు తగిలించాడు. దాని యజమాని రోజూ నా పేజీ వ్యూలు చూసి, "ఆరు వేల మంది వస్తున్నారండీ మనకి" అని ఊరంతా చెప్పుకునేవాడు. ఆరు వేల మంది ఎక్కడ నా తండ్రీ! వచ్చింది నూట పదిమంది ఆడపిల్లల తండ్రులు. ఒక్కొక్కరూ యాభై అరవై ఫోటోలు చూసి నిట్టూర్చి వెళ్ళేవారు. మనుషులకు పెద్ద అంకె కనపడితే పక్కనున్న చిన్న అంకె కనపడదు.

అక్కణ్ణుంచి మోకాళ్ళ నొప్పుల నూనె అమ్మే సైటుకు మారాను. అక్కడ నా మీద నింద పడింది. వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మంది మొదటి పేజీ చూడగానే వెనక్కి పోతున్నారని చెప్పాను. దీన్ని బౌన్స్ రేటు అంటారు, గుమ్మంలోంచే తిరిగెళ్ళినవాళ్ళ లెక్క. "ఈ కౌంటరు అచ్చిరాలేదయ్యా, తీసిపారెయ్" అన్నాడు నూనె ఆసామి. ఊడదీశారు నన్ను. బాగాలేని మొహాన్ని వదిలేసి అద్దాన్ని పగలగొట్టినట్టు.

మూడో ఇల్లు ఇత్తడి వీధి.

తణుకు దగ్గర ఒక ఊళ్ళో ఉంది ఆ వీధి. ఒకప్పుడు ఇరవై కొలుములు. నేను వెళ్ళేసరికి ఒక్కటే మిగిలింది, వీరభద్రాచారి గారిది. డెబ్బై రెండేళ్ళ మనిషి. మూత తిప్పి బిగించే మరచెంబు పోత పొయ్యడంలో ఆయనకు సాటి లేదు. ఆయన తరవాత ఆ పని తెలిసింది ఒక్క కోడలు సుభాషిణికే. ఆడమనిషి పోత పొయ్యడమేంటని వీధి నవ్వినా వినకుండా, ఎనిమిదేళ్ళు మామగారి పక్కన కూర్చుని, చేతులు కాల్చుకుని నేర్చుకుంది. బేరాలు పడిపోయాయి. పెద్దాయనకు చూపు మందగించింది. ఒక పాత ఇత్తడి వ్యాపారి వచ్చి, తాతల నాటి ఇత్తడి అచ్చులన్నీ తూకానికి తీసుకుంటానన్నాడు. అచ్చులు కరిగిపోతే ఇక మరచెంబు లేదు, సుభాషిణి నేర్చిన పనీ లేదు.

అప్పుడే ఆమె దివాకర్‌తో సైటు కట్టించి మామగారి ముందు ఫోన్ పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి మాటిచ్చాడు.

"సరేనమ్మా. నెల్రోజులు సూద్దాం. వెయ్యి మంది మన సరుకు సూత్తే కొలిమి ఉంటది. లేదంటే ఆ అచ్చులు ఇచ్చేద్దాం. మళ్ళీ నన్నడక్కు."

వెయ్యి మంది! గుండె ఉంటే ఆగిపోయేది నాకు. ఆ వెయ్యిని చెప్పాల్సింది నేనే కదా.

మొదటిరోజు ఆరుగురు వచ్చారు. రెండోరోజు ముప్పై ఎనిమిది. మూడోరోజూ దగ్గర దగ్గర అంతే. సుభాషిణి కళ్ళు మెరిశాయి. నాకు మాత్రం ఏదో తేడాగా తోచింది. పొద్దున్న ఏడింటికీ ఎనిమిదిన్నరకీ మధ్య బిలబిలమంటూ వచ్చేవారు. అందరూ ఒక్క ఊరివాళ్ళే. వచ్చి, మూడు సెకన్లుండి పోయేవారు. ఎవరూ లోపలి పేజీ తెరిచేవారు కాదు. మర్నాడు మళ్ళీ అవే ఫోన్లు, అదే వేళ, అవే మూడు సెకన్లు. ఒక్క ఫోన్ మాత్రం రోజూ లోపలికి వెళ్ళి, చెంబు అడుగు ఫోటో ఉన్న పేజీ దగ్గర చాలాసేపు ఆగేది.

నేను ఉన్నదున్నట్టు రాశాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో 'విజిట్లు', అంటే ఎన్ని రాకలు. దాని కింద చిన్న అక్షరాల్లో 'విజిటర్లు', అంటే ఎంతమంది మనుషులు. ఒకే మనిషి ముప్పై రోజులు వస్తే రాకలు ముప్పై, మనిషి ఒక్కడే. ఇంతకన్నా విడమరిచి ఎలా చెప్పను? సుభాషిణి పెద్ద అక్షరాలే చదివింది. నా కంగారు నాలోనే ఉండిపోయింది.

ఇరవై ఆరో రోజున పెద్ద అంకె వెయ్యి దాటింది. సుభాషిణి ఫోన్ పట్టుకుని వంటింట్లోనే ఏడ్చేసింది. అప్పుడే మామగారికి చెప్పకుండా, ఇరవై ఎనిమిదో రోజు దాకా ఆగి, ఒకసారి రూఢి చేసుకుందామని దివాకర్‌కు ఫోన్ చేసింది.

"పదకొండు వందల ఆరు వచ్చిందండీ! వెయ్యి మంది దాటేశారు కదా?"

దివాకర్ అటువైపు నన్ను తెరిచి చూశాడు.

"అవి మనుషులు కాదండీ, రాకలు. మనుషులు డెబ్బై తొమ్మిది మంది. అందులో ముప్పై ఎనిమిది ఫోన్లు మీ ఊరివే. రోజూ తెరిచి మూసేస్తున్నారు. బయటివి నలభై ఒకటి. వాటిలో నాలుగు మనుషులే కావు, సైట్లన్నీ తడుముకుంటూ తిరిగే బాట్లు, మిషన్లన్నమాట. నిజంగా వచ్చినవాళ్ళు ముప్పై ఏడుగురండీ."

సుభాషిణి చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటి సత్యవేణి పిన్నిగారి దగ్గరికి వెళ్ళింది.

"పిన్నిగారూ, మీరు రోజూ మన సైటు తెరుత్తున్నారా?"

"తెరవకపోతే ఎలాగమ్మా! బోణీ మేం సెయ్యకపోతే ఎవరు సేత్తారు?" అంది సత్యవేణి గర్వంగా. "మీ మావగారు వెయ్యి మందన్నారని తెలిసిన కాడ్నించీ వీధంతా ఒట్టేసుకున్నాం. పొద్దున్నే తానం సేసి, దణ్ణం పెట్టుకుని, తెరిసి మూసేత్తన్నాం. లోపలికెళ్తే బేరం సెడిపోద్దని ఎవర్నీ వెళ్ళనివ్వలేదు కూడాను. బోణీ మంచిదైతే ఆ రోజంతా సల్లగా ఉంటది. ఏం, కలిసిరాలేదా?"

చూశారా! దుకాణం తెరవగానే మంచి చెయ్యి తగిలితే మిగతా బేరాలు వాటంతటవే వస్తాయని తరతరాలుగా నమ్మినవాళ్ళు. వెబ్‌సైటుకీ అలాగే చేశారు. ముప్పై ఎనిమిది ఇళ్ళ ప్రేమ అది. ఆ ప్రేమని నేను తు.చ. తప్పకుండా రాసిపెట్టాను. అదే సుభాషిణి కొంప ముంచింది. ఆమె "కలిసొచ్చింది పిన్నిగారూ" అని ఇంటికొచ్చేసింది.

ఆ రెండు రోజులూ నేను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. ఆమె పదే పదే నన్ను తెరిచేది. పెద్ద అంకె కేసి చూసేది, చిన్న అంకె కేసి చూసేది. పెద్దాయనకు పెద్ద అంకె చూపించి ఊరుకుంటే చాలు. ఆయనకు రాకలేంటో మనుషులేంటో తెలియదు. అచ్చులు మిగులుతాయి, కొలిమి మిగులుతుంది. నాకు నోరుంటే "చెప్పకమ్మా" అని బతిమాలేవాణ్ణి. అబద్ధం చెప్పడం చేతకాని నేనే అలా అనుకున్నానంటే చూడండి. వీధివాళ్ళు బోణీ మానలేదు. రోజూ ముప్పై ఎనిమిది వచ్చి పడుతుంటే ఆమె మొహం ఇంకా చిన్నబోయేది.

ముప్పయ్యో రోజు పొద్దున్న పెద్దాయన కొలిమి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అచ్చులన్నీ గోనెసంచిలో కట్టి పక్కనే ఉన్నాయి. వ్యాపారి పదింటికి వస్తాడు. సుభాషిణి ఎదురుగా నేలమీద కూర్చుని ఫోన్ తెరిచింది.

"వెయ్యి అయ్యిందంట కదమ్మా, వీధంతా సెప్పుకుంటన్నారు" అన్నాడాయన.

"కాలేదు మావయ్యగారూ." "అది మన వీధివాళ్ళ బోణీ. రోజూ వాళ్ళే వచ్చారు. బయటినుంచి వచ్చినవాళ్ళు ముప్పై ఏడుగురే."

చెప్పేసింది! నేను బిక్కచచ్చిపోయాను. ఆయన సంచి మూతికట్టు మీద చెయ్యేశాడు.

"ఆ ముప్పై ఏడుగురూ ఏం సేశారు?" అన్నాడు.

"అంటే?"

"వచ్చి ఏం సేశారమ్మా? సంతలో మన కొట్టు ముందునించి వందలమంది పోతారు. దాన్ని బేరవంటామా? కొందరు సెంబు సేత్తో పట్టుకుంటారు. కొందరు వేలితో కొట్టి మోత వింటారు. కొనేవాడు మాత్రం తిరగేసి అడుగు సూత్తాడు. పోత ఎక్కడన్నా ఇరిగిందా, ఎవరి ముద్దర ఉందా అని. అడుగు సూడనోడు కొన్నట్టు నేనెరగను. ఎవరన్నా సూశారా, లేదా?"

సుభాషిణి గబగబా నా పేజీల్ని తిప్పింది. నలభై ఏళ్ళు సంతలో నిలబడ్డ మనిషి ఒక్కమాటలో నా పని మొత్తం చెప్పేశాడు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది గుమ్మంలోంచి పోయారు, ఎంతమంది లోపలికొచ్చారు, లోపలికొచ్చి ఏం వెతికారు! దివాకర్ తర్వాత నన్ను చదవడం తెలిసిన మనిషి ఈయనే అనుకున్నాను. చదువుకోని మనిషి.

"పాత మరచెంబు ఎక్కడ దొరుకుద్దని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఉన్నారండీ. ఐదేసి నిమిషాలు ఉన్నారు." ఆమె ఇంకా కిందికి తిప్పింది. "అడుగు ఫోటో పేజీ... పదిమంది చూశారు మావయ్యగారూ! పదిమంది!"

పెద్దాయన తల పైకెత్తాడు.

"పదా? సంతలో నెలకి ముగ్గురు తిరగేసి సూత్తే పండగ సేసుకునేవోణ్ణి." అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. చెప్పకపోతే బాగుండుననీ అనిపించింది, చెబితే బాగుండుననీ అనిపించింది.

"పది కాదమ్మా, తొమ్మిది. ఒకటి నాది."

"మీదా?"

"అందరూ బోణీ సేత్తంటే నేనూ తెరిసేవోణ్ణి. మా నాన్న ముద్దర ఉంది కదా ఆ ఫోటోలో. ఉత్తప్పుడు నా కళ్ళకి ఆనట్లేదు. ఫోన్లో ఇలా రెండు వేళ్ళతో సాగదీత్తే పెద్దగా కనపడతంది. రోజూ అది సూసుకునే పనిలోకి దిగేవోణ్ణి. నువ్వు నిజం సెప్పాక నేను అబద్ధంలో కూకోకూడదు. తొమ్మిదే."

సుభాషిణి ఏడుస్తూ నవ్వింది. ఆయన సంచి మూతి విప్పి, మరచెంబు అచ్చు బయటికి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"బొగ్గులెయ్. పదింటికి ఆయనొత్తే మంచినీళ్ళిచ్చి పంపిచ్చేద్దాం."

ఆ వారంలోనే తొమ్మిదిమందిలో ఒకావిడ బళ్ళారి నుంచి ఫోన్ చేసింది. మూత ఎటు తిప్పితే బిగుసుకుంటుందని అడిగి, రెండు చెంబులు కావాలంది.

తర్వాత దివాకర్ నాకొక కట్టడి పెట్టాడు. ఇత్తడి వీధి ఫోన్లు ఏవి వచ్చినా లెక్కలో వెయ్యొద్దన్నాడు. సుభాషిణి బతిమాలితే సత్యవేణి పిన్నిగారు వీధి చేత బోణీ మాన్పించింది, మాన్పించి మూడు రోజులు అలిగింది కూడా. ఇప్పుడు రోజూ పొద్దున నేను సున్నా దగ్గర నిలబడతాను. ఒకరో ఇద్దరో వచ్చేదాకా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుంటాను. అలవాటు పడ్డాను.

ఒక్క ఫోన్ మాత్రం మానలేదు. ఏడున్నరకి వస్తుంది, తిన్నగా చెంబు అడుగు పేజీకి వెళుతుంది, నాలుగైదు నిమిషాలుంటుంది. నేను దాన్ని లెక్కలో వెయ్యను, వెయ్యకూడదు. వచ్చిందని చూసుకుంటానంతే. మొన్న గురువారం ఎనిమిదైనా రాలేదు. ఎనిమిదిన్నరైనా రాలేదు. బయటినుంచి ఆ పూట ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చారు, ఇద్దరు అడుగు కూడా చూశారు. నాకు వాళ్ళ మీద ధ్యాసే లేదు. తొమ్మిదికి వచ్చాడు.