శ్రుతి రాయి

రామాంజులు చెక్కపుల్లను మృదంగం అంచుకు ఆనించి నల్లరాయితో ఠక్కున కొట్టాడు. వేలితో మీటి విన్నాడు. మళ్లీ కొట్టాడు. ఇరవై రెండేళ్లుగా అరబ్బు దేశంలో ఇనుప చువ్వలు వంచిన చేతులవి. గోళ్లు చితికి, కణుపులు కాయలు కాశాయి. అయినా శ్రుతి దగ్గర ఆ చేతులు తప్పినరోజు లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం ఆరింటికి ముషైరిబ్ దగ్గర అద్దె హాల్లో శ్యామలమ్మ నడిపే సంగీత సభ కచేరీ. సభకు పాడేవాళ్లున్నారు, పోషించే పెద్దలున్నారు. మృదంగానికి తోలు బిగించేవాడు మాత్రం రామాంజులు ఒక్కడే. శ్యామలమ్మ ప్రతిసారీ ముందు వరుసలో అతనికో కుర్చీ ఉంచుతుంది. అతను వెనక చెప్పుల దగ్గరే నిలబడతాడు. ధర్మవరంలో తండ్రి బిగించిన మృదంగాలు కచేరీల్లో మోగుతుంటే, లోపలికి రానివ్వక తండ్రీకొడుకులు వీధిలో నిలబడి విన్నారు. ఆ సిగ్గు ఇంకా వదల్లేదు. ఈసారి మాత్రం కూర్చుంటానని ఆమెకు మాటిచ్చాడు.

కూలీల క్యాంప్ గది తలుపు తన్ని ఫోర్‌మన్ మారుతి లోపలికొచ్చాడు.

"స్లాబ్ పోస్తుండ్రు, మనుషుల్లేరు. గీ తోలు కొట్టుకుంట కూసుంటవా? యల్లా, లే!"

"శుక్రారం డ్యూటీ లేదు నాకు. రాను."

మారుతి కట్టర్ తీసి మృదంగం తోలు వార్లు సర్రున కోసేశాడు.

రామాంజులుకు నోటికంటే చెయ్యి ముందు. రాయి మారుతి దవడ మీద పడింది. రెండు పళ్లు నేల మీద రాలాయి. మారుతి అతని గొంతు పట్టుకుని తలను ఇనుప మంచానికేసి బాదాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. గదిలోవాళ్లు విడదీసేసరికి గోడ నిండా నెత్తురు. బూతులు తిడుతున్న మారుతిని క్లినిక్‌కు లాక్కుపోయారు.

మృదంగం తీసుకెళ్లడానికి నాగూర్ కారులో వచ్చాడు. ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్. సభకు సామాన్లు మోసేదీ అతనే.

"అన్నా, తల పగిలిండాది! ఆసుపత్రికి పోదాం పా."

"ముందర వార్లు ఎక్కియ్యల్ల. నువ్వు పట్టుకో."

పెట్టెలో దాచిన పాత వార్లు తీసి తడిపి, మృదంగాన్ని కాలితో తొక్కిపట్టి, పళ్లతో లాగి బిగించాడు. మధ్యలో బకెట్లో వాంతి చేసుకున్నాడు. చెవిలోంచి కారేది చెమటనుకుని తుడుచుకున్నాడు. ఐదింటికి శ్రుతి కుదిరింది. అప్పుడు నవ్వాడు.

"నువ్వు పోతా ఉండు. ఈ రాయి నా కుర్చీ మీద పెట్టు, ఎవురూ కూసోకుండా. నీళ్లు పోసుకోని ఎనకాలే వస్తా."

స్నానం చేశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నాడు. తల బరువెక్కింది. కాసేపు ఒరుగుదామనుకున్నాడు. మూడో గుండీ పెట్టుకోలేదు. మళ్లీ లేవలేదు.

ఆరింటికి మొదటి దెబ్బకే మృదంగం తంబూరాతో కలిసింది. విద్వాంసుడు తల ఊపాడు. హాలు నిండిపోయింది, చోటు లేక జనం గోడవారన నిలబడ్డారు. శ్యామలమ్మ తలుపు వైపు చూస్తూనే ఉంది.

ముందు వరుసలో ఖాళీ కుర్చీ మీద, ఒక అంచున నెత్తురెండిన నల్లరాయి.