స్ఫటికం నట్టనడుమ

అక్క అతికించిన స్ఫటికాలను పరీక్షించే పని నాకే పడడం మా ఇద్దరి ఖర్మ. పలుచని సిలికాన్ బిళ్లను ఆమె వంపు తిరిగిన గాజు మీద అతికిస్తుంది. అది ఎక్స్-రే కిరణాలను కూడగట్టి ఒక్క చుక్క మీద పడేయాలి. అడుగున నలుసు చిక్కిందా, బిళ్ల ఉబ్బుతుంది, కిరణాలు దారి తప్పుతాయి. కణాలను ఢీకొట్టించే ప్రయోగానికి అలాంటిది పంపితే అక్కడి కొలతలన్నీ గల్లంతే.

వరసగా రెండు పోయాయి. "ఇదీ పోతే మీ అక్కను అతికింపు గదిలోంచి తప్పిస్తాను," అని మా ప్రయోగశాల పెద్దాయన తేల్చి చెప్పాడు. ఆ గదే ఆమె లోకం. "నన్నెందుకు చేసుకున్నావ్, ఆ గాజుబిళ్లనే చేసుకోవాల్సింది," అని బావ ఇప్పటికీ ఏడిపిస్తాడు.

మూడోదాన్ని బిగించి మీట నొక్కాను. తెర మీద స్ఫటికం ముఖమంతా వెలిగింది. నట్టనడుమ శనగగింజంత నల్లమచ్చ. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇన్నేళ్లు పని చేసిన మనిషికి ఒక్క నలుసు కనబడలేదా?

అంచున లోపముంటే కిరణాలను ఆపే సీసం ముక్కతో కప్పి పంపడం మాకు మామూలే. నడుమ మాత్రం కప్పకూడదు. అయినా ఎవరు చూడొచ్చారు? అక్క కోసం ముక్క కత్తిరించాను. కప్పేముందు నాలుగు దులిపేద్దామని ఆమెను పిలిచాను.

"చూడు నీ నిర్వాకం!"

ఆమె కుర్చీ లాక్కుని తెరకు దగ్గరగా కూర్చుంది. సూటిగా మచ్చ వంకే చూసింది. ముఖం విప్పారింది.

"హమ్మయ్య! ఎంత తేటగా ఉందిరా! ఊరికే భయపెట్టావు కదరా, ముక్కోపీ!"

ఆటపట్టిస్తోందనుకున్నాను. "నడుమ చూడక్కా."

"నడుమే చూస్తున్నా. మచ్చే లేదు."

మచ్చ మీద వేలు పెట్టాను. "ఇక్కడ."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నీ వేలికి కొస ఏదిరా?"

ఆమె తల పక్కకు తిప్పి చూసింది, మళ్లీ సూటిగా చూసింది. అలా ఎన్నిసార్లు చూసిందో.

"పక్కకి చూస్తే ఉంది," అంది గొంతు తగ్గించి. "సూటిగా చూస్తే లేదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇదీ పోయిందని రాసెయ్ తమ్ముడూ. నా కళ్ల సంగతి బావకు మాత్రం నేనే చెప్తా."

రాశాను.