బావి నీళ్లకు రెండో పరీక్ష

మా చెల్లెలి మొగుణ్ని నేను ఈ జన్మలో క్షమించను. కాలేజీ ల్యాబులో సామాన్లు కడిగే ఉద్యోగం ఆయనది. నాకు మాటైనా చెప్పకుండా నా బావి నీళ్లు పట్టుకెళ్లి పరీక్షకు ఇచ్చాడు. ఏడో తరగతిలో బడి మానేసి, మూటలు మోసి కూడబెట్టి కొన్న జాగా అది. ఆ నీళ్లు డబ్బాల్లో నింపి వీధంతా అమ్ముకుని బతికేవాణ్ని.

నీళ్లలో సీసం ఉందన్నారు. నేను కొనకముందు అక్కడ పాత బ్యాటరీలు కరిగించేవారట. ఆ విషం భూమిలోకి దిగిందట.

"నా పొట్ట కొట్టడానికి చేతులెలా వచ్చాయి బావా?" అని వీధిలోనే నిలదీశాను.

"మనవరాలికి ఏడాదిన్నర దాటినా అడుగు వెయ్యట్లేదు. డాక్టరు తాగే నీళ్లు పరీక్ష చేయించమంది. నిన్నడిగితే ఇచ్చేవాడివా?"

"మీ కాలేజీ కన్ను నా జాగా మీద పడింది. అందుకే ఈ నాటకం."

"మా కాలేజీని నమ్మకపోతే ఇంకో కాలేజీకి ఇచ్చుకో. ఇప్పుడు మేం కూటమిలో చేరాంగా!"

ఆ కూటమి సంగతి అప్పుడే విన్నాను. చదువు చుట్టుపక్కల జనానికి పనికిరావాలని కొన్ని కాలేజీలు జట్టు కట్టాయట. ఒక కాలేజీ మాట మీద వీధివాళ్లకు అనుమానమొస్తే, మరో ఊరి కాలేజీ ఉచితంగా పరీక్ష చేసి, ఫలితం వీధివాళ్ల ఎదుటే చదవాలట. ఎగిరి గంతేశాను. బాటిల్ నేనే నింపాను, సీలు కూడా నేనే వేశాను.

ఫలితం వచ్చిన రోజు వీధంతా కాలేజీ హాల్లో కూర్చుంది. ముందు వరసలో కాలు మీద కాలేసుకుని నేను, పక్కన నా నీళ్ల డబ్బా. పొరుగూరి లెక్చరరమ్మ కవరు చేతిలోకి తీసుకుంది.

"ఆగండమ్మా," అని గ్లాసు నింపి గటగటా తాగేశాను. "ఇన్నేళ్లుగా ఇవే తాగుతున్నా. గుండ్రాయిలా ఉన్నా."

"నోరైతే అంతకన్నా గట్టిగా ఉంది," అన్నాడు వెనకనుంచి దర్జీ తాత. హాలంతా నవ్వింది.

చెల్లెలు నవ్వలేదు. మనవరాలిని చంకనేసుకుని నా దగ్గరికొచ్చి, ఇంకో గ్లాసు తనే నింపింది. పాప దాహంగా రెండు చేతులూ చాచింది.

"కవరు తర్వాత చింపుదురుగానీ, ముందు నువ్వు చెప్పన్నయ్యా. పట్టమంటావా?"

"అదేంటే, ఇంతమందిలో..."

"బావి నీది. నువ్వు పట్టమంటే పడతా."

గ్లాసు పాప పెదాలకు బెత్తెడు దూరంలో ఉంది. బావ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. పట్టు అనేద్దామనుకున్నాను. ఈలోగా నా చెయ్యి నన్నడక్కుండానే వెళ్లి గ్లాసు లాగేసింది. నీళ్లు నా చొక్కా మీద ఒలికిపోయాయి.

తర్వాత కవరు చింపారు. అదే సీసం. లెక్చరరమ్మ చదువుతున్నంతసేపూ నా మొహంలోకి ఎవరూ చూడలేదు.

బావి పూడ్చేశారు. కూటమిలోని వైద్య కాలేజీ పాపకు మందులిచ్చింది. ఇంకో కాలేజీ అధికారుల వెంటపడి వీధికి కుళాయి వేయించింది. మొన్న పాప గోడ పట్టుకుని నా గుమ్మం దాకా నడిచొచ్చింది. కూటమి వల్ల మంచే జరిగిందని వీధివాళ్లంటే కాదనను. కానీ బావ ముందుగా నన్ను అడిగి ఉండాల్సింది. అడిగితే ఇచ్చేవాణ్ని కాదు, నిజమే. అయినా అడగాలి.

ఆ మట్టి ఎవరూ తాకకూడదని చుట్టూ కంచె వేశారు. అందులో ఉండిపోయింది నా జాగా, అరవై రెండు గజాలు.