రెండు వేళ్ల పొడుగు

టేబుల్ ఫ్యాను మొహం కంప్యూటరు వైపు తిప్పి, తను అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది ఆమె. కంప్యూటరు పెట్టె పక్క రేకు విప్పేసి చాలాకాలమైంది. లోపల గ్రాఫిక్స్ కార్డుకున్న ఫ్యాను ఎప్పుడో ఆగిపోతే, ఇంకో పాత పెట్టెలోంచి పీకిన ఫ్యానును దానికి కట్టింది. కార్డు వేడెక్కితే తెర మీద ఆకుపచ్చ చారలు వస్తాయి. అప్పుడు పని ఆపి, అవి పోయేదాకా కూరగాయలు తరుగుతుంది. ఆ ఇంట్లో కూర ఎంత సన్నగా తరిగి ఉంటే, ఆ రోజు కార్డు అంత మొండికేసిందని లెక్క.

ఇంకా కట్టని ఇళ్లకు గదుల బొమ్మలు తయారుచేయడం ఆమె పని. గోడ రంగు, కిటికీలోంచి పడే ఎండ, అలమర తలుపు మీద మెరుపు, అన్నీ ముందే చూపించాలి. కార్డు లేకపోతే అవేవీ రావు. అందుకే భర్త ఎప్పుడో తేల్చేశాడు.

"అది ఆగిన రోజున ఈ పని చాలించు. అన్నయ్య షాపులో బిల్లులు కొట్టడానికి మనిషి కావాలట."

బావగారి షాపులో కూర్చోవడం కన్నా ఈ చెమటే నయమనుకుంది. మూడేళ్లకు మించి రాదన్న కార్డును సగం పని కోసం, సగం పంతం కోసం ఆరేళ్లు లాగింది.

ఆ మధ్యాహ్నం ఎవరిదో వంటగది సగం తయారయ్యాక తెర నల్లబడింది. కార్డు తీసి దుమ్ము దులిపింది, అంచులు రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"పోయింది అత్తయ్యా," అంది.

"పోయినదాన్ని పట్టుకుని కూర్చుంటే ఏమొస్తుంది? వాడొచ్చేలోగా వెళ్లి కొత్తది తెచ్చుకో," అంది అత్త.

కంప్యూటర్ల షాపువాడు రంగు దీపాల కార్డు చూపించి, గేములు పరిగెడతాయన్నాడు.

"నాకు పరిగెత్తక్కర్లేదండీ, ఇల్లంతా ఒకేసారి మొయ్యాలి," అని, జోరు తక్కువైనా మెమరీ ఎక్కువున్నదాన్ని, ఇంట్లోని పవర్ సప్లైకి సరిపోయేదాన్ని ఏరుకుంది. అన్నీ చూసింది, పొడుగొక్కటే చూడలేదు.

ఇంటికొచ్చి పెట్టెలో దూర్చబోతే రెండు వేళ్ల పొడుగు ఎక్కువైంది. డిస్కులు పెట్టే ఇనుప అర అడ్డం. అప్పుడే వచ్చిన భర్త గుమ్మంలోంచే నవ్వాడు.

"పట్టలేదుగా? తిరిగిచ్చెయ్. రేపట్నుంచి షాపుకెళ్దువుగాని."

ఆమె ఒళ్లు మండింది. లోపలి బోర్డూ డిస్కూ విప్పి మంచం మీద పెట్టి, ఇనుము కోసే రంపం తెచ్చింది.

"పెట్టె పాడుచేస్తావా?"

"నా పెట్టె, నా కార్డు. మీరు కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకోండి."

అత్త కిందకూర్చుని పెట్టెను రెండు చేతులా అదిమిపట్టింది. "కొయ్యవే అమ్మాయ్. నా కొడుకు మొండితనం కన్నా గట్టిదేం కాదులే ఈ రేకు."

పళ్లు జివ్వుమనే చప్పుడు వీధిదాకా వినపడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అన్నీ తుడిచి, మళ్లీ బిగించి మీట నొక్కింది. కాసేపటికి సగంలో ఆగిన వంటగది ఎండతో సహా తెర మీదికొచ్చింది.

అత్త పాత కార్డును గుడ్డలో చుట్టి, పాత సామాన్ల డబ్బాలో పెట్టింది. "బోలెడు చాకిరీ చేసింది పాపం."

"రేపు అన్నయ్యకేం చెప్పను?" అన్నాడు భర్త.

"ఇంకో మనిషిని చూసుకోమనండి."

అతను తన కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయాడు. కోసి పారేసిన ఇనుప అర అందులో ఉంది, అంచులు ఇంకా గరుగ్గా.