పొట్టులో చెయ్యి

"ఆవిరి గొట్టం పగిలితే? తలుపులో నీ వేళ్లు పడితే? అప్పుడెవరే మనకు దిక్కు?" అన్నాను, మిషన్ ఇంకా లారీ దిగకముందే.

"అమ్మా, ముందు దాన్ని దిగనివ్వు," అంది మా అమ్మాయి.

మెకానిక్ నవ్వాడు. "పెద్దమ్మా, మీరిలా దడిపిస్తే అది భయపడి వెనక్కి పోతుంది."

పరిశోధనశాల కింది అంతస్తులో, ఎలుకల డబ్బాలు కడిగే గదిలో తల్లీకూతుళ్లం ఇద్దరం పనిచేసేవాళ్లం. పైన చిట్టెలుకలను శుభ్రమైన డబ్బాల్లోకి మార్చి, మురికివి మాకు పంపుతారు. రంపపు పొట్టు పారబోసి, బ్రష్షుతో తోమి, ఆరబెట్టాలి. పదకొండేళ్లుగా నాదొకటే పద్ధతి. పారబోసే ముందు ప్రతి డబ్బాలో చెయ్యి పెట్టి పొట్టంతా తడుముతాను. అప్పుడే పుట్టిన పిల్లలు చిక్కుడుగింజంత ఉంటాయి, పైవాళ్ల కంటికి ఆనవు. అలా నాలుగు పిల్లల్ని తిరిగి పైకి పంపాను. రేపెలాగూ సూది కిందికి పోయేవేగా అని అందరూ ఎగతాళి చేసేవారు. పోతే పోనీ, నా చేతిమీదుగా ఎందుకు పోవాలి?

కొత్త మిషన్ గది పొడవునా సొరంగంలా కూర్చుంది. డబ్బా పెడితే చాలు, అదే బోర్లించి పొట్టు రాల్చి, మరిగే నీళ్లతో కడిగి, ఆరబెట్టి అవతలికి తోస్తుంది. దానికి ఒక్క మనిషి చాలు. నెలాఖరుకి మా ఇద్దరిలో ఒకరే ఉంటారని సూపర్‌వైజర్ ముందే చెప్పేశాడు. మీటలు నేర్చుకున్నందుకు అమ్మాయిని ఇన్‌చార్జిని చేశారు. దాని ఉద్యోగం నిలబడితే అంతే చాలనుకున్నాను.

గంటకు ఎన్ని డబ్బాలు పోయాయో గోడమీద ఎర్ర అంకెల్లో కనబడేది. నేను తడుముతూ నిలబడితే మిషన్ ఖాళీగా తిరిగేది.

"చెయ్యి పెట్టకమ్మా. నీవల్ల అంకె పడిపోతోంది."

"ఏదైనా ఉంటే?"

"ఉండదు. పైన చూసే పంపుతారు. నీకన్నీ అనుమానాలే!"

"చిన్న ప్రాణమే..."

"మరి నాది?"

చెయ్యి తీసేశాను. మూడు రోజులు పొట్టు వంక చూడకుండా డబ్బాలు పెట్టాను.

నాలుగో రోజు, నీళ్లు వడగట్టే జల్లెడ కడుగుతూ మెకానిక్ ఆగిపోయాడు. ఈసారి నవ్వలేదు. మూడు పిల్లలు. ఉడికిపోయి ఉన్నాయి.

సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. "ఏళ్లతరబడి పెంచుతున్న జాతి ఇది! డాక్టర్లకు నేనేం చెప్పను? డబ్బాలు పెట్టిందెవరు?"

"నేనే సార్."

"ఇన్నేళ్లు తడిమినదానివి, ఇప్పుడేం రోగమొచ్చింది?"

పైవాళ్లెందుకు చూడలేదని ఎవరూ అనలేదు. వయసు మీదపడింది సార్, మరిచిపోయాను అందామనుకున్నాను. తప్పు నెత్తిన వేసుకోవడానికి నోరు తెరిచాను కూడా.

"నువ్వాగు," అని అమ్మాయి వైపు తిరిగాడు. "ఇన్‌చార్జివి నువ్వు. తడిమి పెట్టమని ఈవిడకు చెప్పావా, లేదా?"

అమ్మాయి చేతిలోని డబ్బా మూతను గుడ్డతో తుడవసాగింది. అది ఎప్పుడో ఆరిపోయిన మూత. మెకానిక్ జల్లెడ కింద పెట్టాడు. మిషన్ చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. నేను అమ్మాయి మొహంలోకి చూశాను. అది మూత తిప్పి రెండోవైపు కూడా తుడిచింది. సూపర్‌వైజర్ నడుం మీద చేతులు వేసుకుని అలాగే నిలబడ్డాడు.

"చెప్పాను సార్," అంది చివరికి. "పెద్దావిడ కదా, చెప్తే వినదు."